మూగజీవాల ముచ్చట్లు: బొచ్చుకుక్క బొమ్మ కాదు



గత సంచికలో ఆవుల పొదుగువాపు గురించి రాశాను. "పట్నవాసంలో మాకు ఆవులెక్కడివండీ, మా ఇళ్ళల్లో తిరిగే జీవాల గురించి రాయండి" అని కొందరు చనువు కొద్దీ కోప్పడ్డారు. ఆ కోపం న్యాయమైనదే. ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చదివాక ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేయాలనిపించింది.

బరంపురం బడాబజారు వైపు నుంచి ఒక సోదరి రాశారు. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇది: "మా అబ్బాయి విశాఖపట్నం నుంచి తెల్లటి పమేరియన్ పిల్లను తెచ్చి ఇచ్చాడు. ఇప్పుడు దానికి రెండేళ్ళు. మొన్న సెలవులకు మా మనవరాలు వచ్చింది. దానికి ఐదేళ్ళు. కుక్క పడుకుని ఉంటే వెనకనుంచి వెళ్ళి ఎత్తుకోబోయింది. చెయ్యి కరిచింది. పెద్దగా ఏమీ కాలేదు, పసుపు అద్దాం. కానీ మావారు దీన్ని తీసుకెళ్ళి గోపాల్‌పూర్ వైపు వదిలేద్దామంటున్నారు. ఇంత ముద్దొచ్చే కుక్కకి ఇలాంటి బుద్ధేమిటి డాక్టరుగారూ? ఉంచమంటారా, వదిలేయమంటారా?"

గంజాం జిల్లా పశువుల ఆసుపత్రుల్లో ఉద్యోగం చేసినంత కాలం ఈ ప్రశ్న నన్ను ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉన్నారు. ఆ రోజుల్లో రైతు ఎద్దును తోలుకుని వచ్చేవాడు. వెనకే పట్నపు ఇల్లాలు చీర కొంగులో బొచ్చుకుక్కను దాచుకుని వచ్చేది. ఎద్దు గురించి రైతుకు నాకంటే ఎక్కువ తెలుసు. బొచ్చుకుక్క గురించి మాత్రం ఇంటిల్లిపాదికీ తెలిసింది ఒక్కటే, అది ముద్దుగా ఉంటుందని. చిక్కంతా అక్కడే వస్తుంది.

ముందు కాటు సంగతి

ఉత్తరంలో ఫోను నంబరు ఉంది కనుక ఆ పూటే మాట్లాడి పాపను ఆసుపత్రికి తీసుకువెళ్ళమని చెప్పాను. మూడు నెలలకోసారి వచ్చే పత్రికలో జవాబు కోసం కుక్కకాటు ఆగదు కదా! కుక్కకు టీకా వేయించారా అని అడిగితే, "గడప దాటదు కదండీ, ఎందుకని వేయించలేదు" అన్నారు. ఈ మాట నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను.

గడప దాటని కుక్క ఉండదమ్మా. గేటు సందులోంచి మూతి బయట పెడుతుంది. వీధికుక్క వచ్చి అటునుంచి మూతి పెడుతుంది. అంతే చాలు. పెరట్లోకి వచ్చిన పిల్లి చాలు, ముంగిస చాలు. రేబిస్, అంటే మన పెద్దలు పిచ్చికుక్క రోగం అన్నది, కాటుతో, సొంగతో అంటుకుంటుంది. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. బయటపడక ముందు సరైన వైద్యం చేయిస్తే దాదాపు అందరూ బతుకుతారు. ఇంత భయంకరమైనదీ, ఇంత సులువుగా తప్పించుకోగలిగినదీ అయిన జబ్బు మరొకటి నాకు తెలియదు. అయినా మన దేశంలో ఇప్పటికీ ఏటా వేలమంది దీనితో పోతున్నారు. అందులో పిల్లలు ఎక్కువ. దెబ్బలాడతారన్న భయంతో పిల్లలు చిన్న గాటు సంగతి ఇంట్లో చెప్పరు. అందుకని కుక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ పిల్లలకు ఒక మాట ముందే చెప్పి ఉంచండి: "గీసినా, కరిచినా వెంటనే వచ్చి చెప్పు, నిన్నేమీ అనం."

కుక్క కరిచినా, గోటితో రక్తం వచ్చేలా గీసినా, పుండు మీదో పెదవుల మీదో నాకినా, వెంటనే కుళాయి కింద ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో పావుగంటసేపు కడగాలి. గడియారం చూసుకుని కడగండి, పావుగంట అనుకున్నదానికంటే చాలా ఎక్కువసేపు. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏవీ పెట్టకూడదు. కట్టు బిగించకూడదు. "కుక్కకాటుకి చెప్పుదెబ్బ" సామెతగా బాగుంటుంది గాని వైద్యంగా పనికిరాదు. కడిగాక నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. బరంపురంలో అయితే ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, మిగతా చోట్ల దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు గాయం చుట్టూ వేసే మందు కూడా అవసరమవుతుంది. అది డాక్టరుగారు చూసి చెబుతారు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు అన్న భయం ఇంకా కొందరు పెద్దవాళ్ళలో ఉంది. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004తోనే ఆగిపోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, ఆపైన 3, 7, 28 రోజుల్లో. నొప్పి తగ్గింది కదా అని రెండో సూదితో మానేయడం అందరూ చేసే పొరపాటు. చెప్పిన తేదీలన్నిటికీ వెళ్ళాలి. కరిచిన కుక్కను కొట్టి తరిమేయకుండా పది రోజులు కనిపెట్టి చూడాలి. అయితే పది రోజులూ చూసి ఆ తరువాత వైద్యానికి వెళదామనుకోకూడదు. వైద్యం మొదలుపెట్టి కుక్కను గమనించాలి.

పాప టీకాలు వేయించుకుంది. కుక్క పది రోజులూ ఆరోగ్యంగానే ఉంది. ఆ తరువాత దానికీ టీకా వేయించారు. కుక్కపిల్లకు మూడు నెలలప్పుడు రేబిస్ టీకా, ఆ తరువాత డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు, ఆపైన ఏటేటా. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి పార్వో, డిస్టెంపర్ టీకాలు. వానాకాలంలో ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు కూడా అందులోనే ఉంటుంది. ఈ ఖర్చు పెట్టలేమనుకుంటే కుక్కను తెచ్చుకోకపోవడమే మేలు.

ఇంతకీ అది పమేరియనేనా?

బాల్టిక్ సముద్రతీరంలో పమరేనియా అనే ప్రాంతం ఉంది. ఇప్పుడది కొంత జర్మనీలో, కొంత పోలండులో ఉంది. అక్కడి నుంచి ఈ కుక్కకు ఆ పేరు వచ్చింది. దీని పూర్వీకులు ఉత్తరాది మంచుదేశాల పెద్ద కుక్కలు. కాపలా కాసేవి, మందలు తోలేవి, బండ్లు లాగేవి. నిలబడిన చెవులు, నక్క మూతి, వీపు మీదికి మెలితిరిగిన తోక వాటివే. కుక్క తోక వంకర అన్న సామెత ఈ జాతిని చూసినవాడెవడో అనే ఉంటాడు. 1888లో విక్టోరియా మహారాణి ఇటలీలోని ఫ్లారెన్సు వెళ్ళినప్పుడు ఇలాంటి కుక్కల మీద మనసుపడి తెచ్చుకుంది. ఆమె చిన్నవాటిని ఇష్టపడడంతో ఇంగ్లండులో అందరూ చిన్నవాటినే పెంచసాగారు. అలా తరం తరానికీ చిక్కి, ఇవాళ అసలైన పమేరియన్ ఒకటిన్నర నుంచి మూడు కిలోల పైచిలుకు మాత్రమే తూగుతుంది. విదేశాల్లో దీన్ని టాయ్ జాతుల్లో, అంటే బొమ్మంత కుక్కల్లో, చేర్చారు.

మన ఇళ్ళల్లో పమేరియన్ అని పిలుచుకునేది చాలావరకు ఇది కాదు. దాని దాయాది, ఇండియన్ స్పిట్జ్. చిన్నరకం ఐదు నుంచి ఏడు కిలోలు ఉంటుంది, పెద్దరకం పన్నెండు కిలోలు దాటుతుంది. తెల్లవాళ్ళ కాలంలో వచ్చిన స్పిట్జ్ కుక్కల నుంచి మన ఎండలకు తట్టుకునేవాటిని ఏరి పెంచగా తయారైన జాతి. విదేశాల నుంచి కుక్కలను తెచ్చుకోవడం కష్టంగా ఉన్న 1980లలో, 90లలో దేశమంతా ఇదే. 1994లో వచ్చిన హిందీ సినిమా "హమ్ ఆప్కే హై కౌన్", తెలుగులో "ప్రేమాలయం", అందులో ఉత్తరం చేరవేసి పెళ్ళి కుదిర్చిన టఫీ గుర్తుందా? అది ఇండియన్ స్పిట్జే. ఆ సినిమా తరువాత బరంపురం వీధుల్లో ఎన్ని టఫీలు పుట్టాయో లెక్కలేదు. ఒకే వరుసలో నాలుగు ఇళ్ళల్లో నాలుగు టఫీలు ఉండేవి. ఒకరు పిలిస్తే నాలుగూ పలికేవి.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, అరచేతిలో పట్టే పమేరియన్ అని కొని, ఏడాది తిరిగేసరికి ఏడు కిలోలైతే "మోసపోయాం" అని దాని మీద మనసు విరుచుకునేవాళ్ళను చూశాను. మన వాతావరణానికి స్పిట్జే మేలు. గట్టి పిండం. సరిగా చూసుకుంటే పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుంది.

దాని గుణం

దేహం చిక్కింది గాని మనసు చిక్కలేదు. ఇది కాపలాకుక్క వంశం. గుమ్మంలో అడుగు చప్పుడైతే మొరగడం దాని ఉద్యోగం. పాలవాడు, పేపరు వాడు, పోస్టుమాన్ రోజూ వచ్చి వెళ్ళిపోతారు. దాని లెక్కలో మాత్రం తను మొరిగింది కాబట్టే వెళ్ళారు. రోజూ గెలుస్తున్న యుద్ధం ఎవరు మానతారు? "నోరుమూయ్" అని మనం అరిస్తే మనమూ దానితో కలిసి మొరుగుతున్నామనుకుంటుంది. రెండుసార్లు మొరగనిచ్చి, దగ్గరకు పిలిచి, ఊరుకున్న క్షణాన చిన్న ముక్క ఏదైనా పెట్టండి. నెల రోజుల్లో మార్పు కనబడుతుంది.

తెలివైనది, పట్టుదల గలది. ఇంట్లో ఒక్కరిని తన మనిషిగా ఎంచుకుంటుంది. ఆ మనిషి మంచం, ఆ మనిషి చెప్పులు, తన గిన్నె, తన మూల అన్నీ తనవే అనుకుంటుంది. నిద్రలో ఉండగా, తింటూ ఉండగా ఎవరైనా మీద పడితే సహించదు. కొత్త పిల్లలంటే జంకు. పిల్లలేమో దాన్ని చూడగానే మెడ కౌగిలించుకుని ముఖంలో ముఖం పెడతారు. మనకు అది ముద్దు. కుక్కకు అది తప్పించుకోవడానికి వీల్లేని పట్టు.

"మొరిగే కుక్క కరవదు" అన్న సామెత నమ్మకండి. మొరిగేవీ కరుస్తాయి, మొరగనివీ కరుస్తాయి. అయితే చెప్పకుండా మాత్రం చాలా అరుదుగా కరుస్తాయి. మొదట ముఖం తిప్పుకుంటుంది. పెదవులు నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది. ఒళ్ళు బిగపడుతుంది. అప్పటికీ మనకు అర్థం కాకపోతే గుర్రుమంటుంది. ఆ గుర్రుకు దాన్ని కొట్టారనుకోండి, తరువాతిసారి గుర్రుమనడం మానేసి నేరుగా కరుస్తుంది. గుర్రు దాని చివరి మర్యాద. దాన్ని గౌరవించి పిల్లను పక్కకు తీసుకోండి.

ఇంట్లో ఈ నాలుగు కట్టుబాట్లు పెట్టుకుంటే చాలు. పడుకున్న కుక్కను ముట్టుకోకూడదు, పేరుపెట్టి పిలిస్తే లేచి అదే రావాలి. తింటున్న కుక్క దగ్గరకు వెళ్ళకూడదు. చిన్నపిల్లలు దాన్ని ఎత్తుకోకూడదు, నేల మీద కూర్చుని వీపు నిమరవచ్చు. ఆరేడేళ్ళలోపు పిల్లలను, కుక్కను పెద్దవాళ్ళ కన్ను లేకుండా ఒక గదిలో వదలకూడదు. బడాబజారు పాప చేసిన పనిలో తప్పేమీ లేదు, ఆ కుక్క చేసిన దాంట్లోనూ లేదు. నిద్రలో మనల్ని ఎవరైనా అమాంతం ఎత్తితే మనమూ చెయ్యి విసురుతాం.

ఒకే మాట మీద ఉండండి

మన బరంపురం ఇళ్ళల్లో కుక్కలకు వచ్చే ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. నాయనమ్మ "కూర్చో" అంటుంది. పనిమనిషి ఒడియాలో "బొసొ" అంటుంది. ఇంగ్లీషు బడికెళ్ళే పిల్లలు "సిట్" అంటారు. కుక్క ముగ్గురి ముఖాలూ చూసి నిలబడే ఉంటుంది. దానికి బుద్ధి లేదని తీర్మానిస్తాం. కుక్కకు భాషలు రావు, చప్పుళ్ళు వస్తాయి. ఒక పనికి ఒక చప్పుడు. ఇంటిల్లిపాదీ కూర్చుని రా, కూర్చో, వద్దు, వదులు, ఉండు అని ఐదు మాటలు అనుకుని, అందరూ అవే వాడండి. చెప్పిన పని చేసిన వెంటనే మెచ్చుకోవాలి. అరగంట తరువాత మెచ్చుకుంటే దేనికో దానికి తెలియదు.

ఏ భాషలో అంటే మాత్రం నా ఓటు తెలుగుకే. భువనేశ్వర్‌లో, బెంగళూరులో పెరుగుతున్న మన మనవలు మనతో తెలుగు మాట్లాడడానికి సిగ్గుపడతారు గాని కుక్కతో మాట్లాడడానికి సిగ్గుపడరు. కుక్క పుణ్యమా అని రోజుకు ఐదు తెలుగు మాటలు పిల్లల నోట పలికితే మంచిదేగా!

ఎండ, ఉక్క, బొచ్చు

కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుతుంది. ఆ తడి ఆరినప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది. మన గంజాం తీరంలో ఉన్న బాధంతా ఉక్కే. గోపాల్‌పూర్ గాలిలో తడి ఆరదు. అందుకని థర్మామీటరులో డిగ్రీలు తక్కువే ఉన్నా మే, జూన్ నెలల్లో కుక్కకు ప్రమాదం తక్కువేమీ కాదు. ఉదయం ఎండ రాకముందు, సాయంత్రం నేల చల్లబడ్డాక మాత్రమే నడిపించండి. అరచెయ్యి రోడ్డు మీద ఐదు క్షణాలు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనించలేవు. డాబా మీద కట్టేయకూడదు. అద్దాలు మూసిన కారులో ఐదు నిమిషాలైనా వదలకూడదు. నీళ్ళ గిన్నె రెండు చోట్ల పెట్టండి. మంచం మీద పరుపు వేసినా అది దిగివచ్చి స్నానాలగది గడప దగ్గర చల్లటి గచ్చు మీద పడుకుంటుంది. దాన్ని అక్కడే పడుకోనివ్వండి.

కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. మనిషి లెక్కలో జ్వరమనుకుని పిల్లల సిరప్పు వేయకండి. మనం వాడే నొప్పి, జ్వరం మందులు చిన్నకుక్కల ప్రాణం తీస్తాయి. విపరీతంగా రొప్పుతూ, సొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే మాత్రం అది వడదెబ్బ. వెంటనే మామూలు నీళ్ళతో పొట్ట, తొడల సందులు, పాదాలు తడిపి ఫ్యాను కింద పెట్టి, తడుపుతూనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇక అందరూ అడిగేది: వేసవిలో బొచ్చు గీయించేయమంటారా? వద్దు. ఈ జాతికి రెండు పొరల బొచ్చు. లోపల దూదిలాంటి నూగు, పైన గరుకు వెంట్రుక. రెండూ కలిసి ఎండను చర్మం దాకా రానివ్వవు. నున్నగా గీయిస్తే తెల్లకుక్కల గులాబిరంగు చర్మం ఎండకు కమిలిపోతుంది. కొన్నిటికి బొచ్చు మళ్ళీ సరిగా రాదు, అక్కడక్కడ బోడిగా మిగిలిపోతుంది. చెయ్యవలసింది దువ్వడం. వారానికి రెండు మూడుసార్లు మొదళ్ళ దాకా దువ్వి చచ్చిన నూగు తీసేస్తే గాలి ఆడుతుంది. పాదాల సందుల్లో, తోక కింద మాత్రం కత్తిరించవచ్చు.

స్నానం మూడు నాలుగు వారాలకొకసారి చాలు, కుక్కల షాంపూతోనే. వానాకాలంలో పైన ఆరినట్టు కనబడి లోపల తడి మిగిలితే చర్మానికి బూజు పడుతుంది. మొదళ్ళ దాకా తుడవాలి. రోజూ చెవుల వెనక, వేళ్ళ సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో తిండి మానేస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కునుంచి రక్తం వస్తుంది. ఆలస్యం చేస్తే దక్కదు. పిడుదులు పోతాయని ఆవులకు వాడే మందు చిన్నకుక్కకు పూసి ఫిట్సుతో తెచ్చినవాళ్ళున్నారు. కుక్క బరువు చెప్పి దానికి తగ్గ మందే తీసుకోవాలి.

తిండి, పళ్ళు, మోకాళ్ళు

పాలు అన్నంతోనే పెంచితే కుక్క లావెక్కుతుంది గాని బలం రాదు. ఉడికించిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప, ఎముక లేని కోడిమాంసం, కొద్దిగా అన్నం, గుమ్మడో క్యారెట్టో ఉడికించి ఉప్పు, కారం లేకుండా పెట్టవచ్చు. శాకాహారుల ఇళ్ళల్లో డాక్టరును అడిగి మంచి కుక్కల దాణా వాడండి. పెద్దకుక్కకు రోజుకు రెండుసార్లు చాలు. మరీ చిన్న పమేరియన్ పిల్లలకు మూడు నెలల దాకా నాలుగుసార్లు పెట్టాలి. ఆకలితో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి సొమ్మసిల్లుతాయి. అప్పుడు చిగుళ్ళకు కాస్త తేనె రాసి ఆసుపత్రికి పరుగెత్తాలి.

పెట్టకూడనివి: ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్టు, ద్రాక్ష, కిస్‌మిస్. ఉల్లిపాయ నంజుకుని తిన్న పఖాళ మిగిలితే కుక్కకు వేయకండి. పరమాన్నంలో కిస్‌మిస్ ఉంటుందని మరువకండి. బరంపురం అప్పడాలు, ఆవకాయలు, ఎండుచేపలు లోకప్రసిద్ధమే గాని ఆ ఉప్పు దానికి పడదు. వండిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఇంకో లెక్క చూడండి. ఐదు కిలోల కుక్క ఒక ఇడ్లీ తింటే, బరువు ప్రకారం అరవై కిలోల మనిషి పన్నెండు ఇడ్లీలు తిన్నట్టు. ఇంట్లో నలుగురూ తలా ఒకటి పెడితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

చిన్న దవడలో నలభై రెండు పళ్ళు ఇమడాలి కనుక వీటికి పళ్ళజబ్బులు ఎక్కువ. పాలపళ్ళు ఏడెనిమిది నెలలకూ ఊడకపోతే చూపించండి. మెత్తటి బ్రష్షుతో, కుక్కల పేస్టుతో వారానికి మూడు నాలుగుసార్లు తోమండి. మన పేస్టు వాడవద్దు. మోకాలిచిప్ప జారడం కూడా ఈ జాతిలో ఉంది. నడుస్తూ నడుస్తూ ఒక కాలు ఎత్తి కుంటి, మళ్ళీ మామూలుగా నడిస్తే అదే. ఎత్తైన మంచాల మీంచి దూకనివ్వకండి, ఒక పీట వేయండి. ఊపిరిగొట్టం సున్నితం కనుక మెడపట్టీకి గొలుసు కట్టి లాగకుండా ఛాతీకి తొడిగే పట్టీ వాడండి. బాతు అరిచినట్టు దగ్గుతుంటే డాక్టరుకు చూపించండి.

జాతర, దీపావళి, తుపాను

రెండేళ్ళకోసారి బరంపురంలో బుడి ఠాకురాణి యాత్ర వస్తుంది. రోజుల తరబడి డప్పులు, జనం, పులివేషాలు. మనకు అది కన్నులపండుగ. మనకంటే ఎన్నోరెట్లు బాగా వినే కుక్కకు మాత్రం అది ప్రళయం. ఆ రాత్రులూ, దీపావళి రాత్రీ లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను, రేడియో పెట్టి, దాని మనిషి దగ్గర ఉండాలి. వీధిలోకి ఎత్తుకెళ్ళి పులివేషం చూపించకండి. గొలుసు తెంచుకుని పోయే కుక్కలన్నీ ఆ రోజుల్లోనే పోతాయి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు బరంపురం ఎన్ని రోజులు చీకట్లో ఉందో మనకు తెలుసు. అటువంటి హెచ్చరిక వచ్చినప్పుడు ఇంటి కాగితాలతో పాటు కుక్క టీకాల పుస్తకం, ఐదు రోజుల తిండి, నీళ్ళు, ఛాతీపట్టీ, ఒక ఫోటో సంచిలో సర్దుకోండి. వెంట తీసుకెళ్ళడం ఏ విధంగానూ కుదరకపోతే కనీసం గొలుసు విప్పి వెళ్ళండి. కట్టేసిన జీవానికి ఈదే అవకాశం కూడా ఉండదు.

వదిలేయడం గురించి

గోపాల్‌పూర్ తీరంలో వదిలేస్తే అది చేపలు తిని హాయిగా బతుకుతుందని కొందరనుకుంటారు. మెత్తటి గచ్చు మీద పెరిగిన కుక్కను అక్కడి కుక్కల గుంపు బతకనివ్వదు. ఒకవేళ బతికిందా, ఆ గుంపులో కలుస్తుంది. రుషికుల్య ముఖద్వారం దగ్గర లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా, ఇసుక తవ్వి ఆ గుడ్లను, పిల్లలను తినేవాటిలో కుక్కలూ ఉన్నాయి. టీకా లేని కుక్కను వదలడమంటే మన ఇంటి ప్రమాదాన్ని తీసుకెళ్ళి జాలరిపేట పిల్లల ముందు పెట్టడం. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

భారతంలో ధర్మరాజు స్వర్గద్వారం దాకా వచ్చి, వెంట వచ్చిన కుక్కను విడిచి లోపలికి రమ్మంటే రానన్నాడు. నన్ను నమ్మి వెంట వచ్చినదాన్ని విడవనన్నాడు. మనకు అంత పరీక్ష ఎవరూ పెట్టడం లేదు. వంటింటి గుమ్మానికి రెండడుగుల చెక్కతలుపు ఒకటి పెట్టించమంటున్నాను. పిల్లలు వచ్చినప్పుడు కుక్క అటు, పిల్లలు ఇటు. అది పడుకునే మూల ఎవరూ వెళ్ళకూడని చోటు. బడాబజారు వారు అదే చేశారు. కుక్క వాళ్ళింట్లోనే ఉంది. ఇవన్నీ చేసినా కుదరని ఇళ్ళూ ఉంటాయి. అప్పుడు కరిచిన సంగతి దాచకుండా చెప్పి, చిన్నపిల్లలు లేని, చూసుకునే ఓపిక ఉన్న ఇంటికి ఇవ్వండి. అది వదిలేయడం కాదు, ఒప్పజెప్పడం.

కొత్తగా తెచ్చుకునేవారికి

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నిబంధనలు చెబుతున్నాయి. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఎనిమిది వారాలు పెరిగిన పిల్లకే ఎంత గట్టిగా కొరకవచ్చో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. నెల పిల్లను బుట్టలో పెట్టి అమ్మేవాడి దగ్గర కొనకండి. తల్లిని చూపించమనండి. తల్లి ఎంత ఉందో, ఎలా ప్రవర్తిస్తుందో పిల్లా దాదాపు అంతే. "టీకప్ పమేరియన్" అని చెబితే నమ్మకండి, అలాంటి జాతి లేదు. బక్కపిల్లకు పెట్టిన పేరు అది. ఆడకుక్కను ఈనించే ఉద్దేశం లేకపోతే గర్భసంచి తీయించేయండి. వయసు మీరాక గర్భసంచిలో చీముపట్టి చనిపోయే ప్రమాదం తప్పుతుంది.

అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. పన్నెండేళ్ళ తరువాత పిల్లలు చదువులకు వెళ్ళిపోయాక, కళ్ళు మసకబారిన ఆ ముసలికుక్కను ఎవరు చూస్తారు? "నేను" అని ఇంట్లో ఒక్కరైనా అంటే తెచ్చుకోండి. ఎవరూ అనకపోతే పుట్టినరోజుకు బొమ్మ కొనివ్వండి. బొమ్మకు ఆకలి వేయదు, ఉక్క పోయదు, భయం వేయదు.

వచ్చే సంచికలో వానాకాలంలో కోళ్ళకు వచ్చే జబ్బుల గురించి ముచ్చటించుకుందాం. మీ సందేహాలు సంఘం చిరునామాకే రాయండి. కాటు, వడదెబ్బ, ఫిట్సు అయితే మాత్రం ఉత్తరం రాయకండి, ఆసుపత్రికి వెళ్ళండి. సెలవు.